ప్రాంతీయ విక్రయాధికారి లెక్కలు

మృగశిరకార్తె ప్రవేశింపకముందే దేవరకొండలోనో, నాగర్‌కర్నూలులోనో ఎరువుల దుకాణము ముంగిట నొక కారు వచ్చి నిలుచును. ఇస్త్రీ చొక్కా తొడిగిన పెద్దమనిషి యొకడు దిగి, సేటుతో చాలసేపు లెక్కలు మాటలాడి, మరల కారెక్కి మిర్యాలగూడవైపో, గద్వాలవైపో సాగిపోవును. రైతుతో ఆతడు మాటలాడుట అరుదు. అయినను ఆ యేడు మన చేలలో ఏ కంపెనీ విత్తనము పడవలయునో చాలవరకు నిర్ణయించువాడు ఆతడే. ఆతనినే రీజనల్ మేనేజరందురు. ఇది వ్రాయుచున్నవాడు ఇరువదియేండ్లకు పైగా ఆ కొలువే చేసి, యిప్పుడు నాలుగెకరముల చలక దున్నుకొనుచు సహకార సంఘమున సభ్యుడై యున్నాడు. కావున ఆ పనిలోని గుట్టు సోదర రైతులకు తెలుపుట యుక్తమని తోచినది.

ఊళ్లను పంచియిచ్చి, ఒక్కొక్కనికి ఇంత యమ్మితీరవలెనని కట్టడి చేయు పద్ధతి నేటిది కాదు. అమెరికాలోని డేటన్ పట్టణమున 1884లో నగదు లెక్కించు యంత్రముల కంపెనీని చేపట్టిన ప్యాటర్సన్ అను వర్తకుడు దానిని బలముగా నెలకొల్పెను. యంత్రమునకు బదులు విత్తనమైనను, సిమెంటైనను, పద్ధతి అదియే. అందుచేతనే ఈ యుద్యోగి ఒక సరకు విడిచి మరియొక సరకునకు సులభముగా మారగలడు. నేను నాలుగుమారులు మారితిని.

మొదట అమ్మినవి బోరుమోటార్లు. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట మన యెత్తుభూములలో బోర్లు మిక్కిలి పెరిగినవి. వేసవిలో నీరు క్రిందికి దిగినకొలది మా యమ్మకము పైకెక్కెడిది. తరువాత సిమెంటు. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు ప్రాంతములలో సున్నపురాయి గలదు గనుక కర్మాగారములు పెక్కు లేచినవి. బస్తాకును బస్తాకును గల భేదము కొనువానికి కానరాదు. కావున మా ప్రయత్నమంతయు మేస్త్రీని ప్రసన్నుని చేసికొనుటయే. పిమ్మట బిందుసేద్యపు పైపులు. 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మసేద్యపు పథకమును ఆరంభించి రాయితీ నిచ్చెను. సొమ్ములో అధికభాగము ప్రభుత్వమునుండి రావలసినదగుటచే, మేనేజరు పొలముగట్టున కన్న కచ్చేరి వరండాలోనే ఎక్కువకాలము గడుపును.

తుదకు విత్తనములు, పురుగుమందులు. ఇందలి తొందర మరి యెందును లేదు. ఏడాది యమ్మకమంతయు నెలన్నరలో ముగియవలెను. మిగిలిన సరకు తిరిగివచ్చినచో అది మేనేజరు మెడకే చుట్టుకొనును. కావున వానలకు ముందే సేటు గోదాము నింపుట మా విద్య. ఇంత యెత్తినవానికి ఇంత తగ్గింపు, అంత యెత్తినవానికి విదేశయాత్ర. దీనినే స్కీము అందుము.

ఒక యేడు నాకు మునుపటికన్న ఒకటిన్నర రెట్లు లక్ష్యము విధించిరి. కల్వకుర్తి చుట్టుప్రక్కల సేట్లకు అవసరమునకు మించి సరకు దింపితిని. వాన ఆలస్యమైనది. పత్తిగింజలెట్లో అమ్ముడుపోయినవి, పైరు ఏపుగా పెరుగునని చెప్పి యిచ్చిన మందు సీసాలు మిగిలినవి. సేట్లు వానిని విత్తనముతోపాటు ఉద్దెరగా రైతుల ఖాతాలలో వ్రాసిరి. పత్తి యింటికి వచ్చినప్పుడు ఆ బాకీక్రింద తమ కాంటామీదనే, తాము చెప్పిన ధరకే తూచుకొనిరి. ఆ శీతకాలమున ఒక గ్రామసభలో ముసలిరైతు లేచి, "సారూ, ఈ సీస నేనడగలే. లెక్కల ఎట్లొచ్చింది?" అని నన్నడిగెను. సేటు నడుగుమంటిని. ఆ యేటి బహుమానపు సొమ్ము నాకు ముట్టినది.

ధర విషయమున నొక మాట. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చినపుడు 450 గ్రాముల సంచి 1,600 రూపాయలకు పైబడి పలికెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమిషను నాశ్రయింపగా, 2006లో అది 750 రూపాయలకు దిగినది. అంతకుముందు రూపాయియైనను తగ్గదని మావంటివారము సేట్లకు ప్రమాణము చేసి చెప్పినవారమే. ఆ గింజలలో కొంత మన గద్వాల నడిగడ్డ రైతులే కంపెనీలకు పండించి యిచ్చినదని మరువరాదు.

యూరియా సంగతి వేరు. 2018 నుండి 45 కిలోల బస్తాగా వచ్చుచున్న దాని ధర 266 రూపాయల 50 పైసలుగా ప్రభుత్వము కట్టడి చేసినది. దానిపై సేటునకు మిగులునది స్వల్పము. కావున కొరత కాలమున యూరియాతో మరియొకటి అంటగట్టుట జరుగుచుండును. ఇది ప్రభుత్వము నిషేధించిన పని. అట్టి సీసాను వలదని చెప్పి బస్తా నడుగుటకు రైతునకు హక్కు గలదు.

రసీదు మాట నొక్కి చెప్పవలసియున్నది. విత్తనము చెడి పంట నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థపై వినియోగదారుల న్యాయస్థానములకెక్కిరి. ఆ వ్యాజ్యమున 2012 జనవరిలో సుప్రీంకోర్టు, విత్తనము కొన్న రైతు వినియోగదారుడే యనియు, విత్తనముల చట్టమున్నంత మాత్రమున ఆతని ఫిర్యాదునకు అడ్డులేదనియు తీర్పు చెప్పెను. ఆ దారి పట్టవలెనన్న చేతిలో ఋజువుండవలెను: లాటు సంఖ్య వేసిన రసీదు, ఖాళీసంచి, దానియందే మిగిల్చిన పిడికెడు గింజలు. ఉద్దెర చిట్టీ రసీదు కాదు.

మేనేజరు భయపడునది తిరిగివచ్చు సరకునకు. మూడువందల మంది సభ్యుల అవసరమును ఉగాది నాటికే వ్రాసికొని, నగదు పద్ధతిని అడుగు సంఘముతో ఆతడు మాటలాడు తీరే వేరుగా నుండును. ఆ సరకు తిరిగిరాదని ఆతనికి తెలియును. అప్పుడు సేటు విదేశయాత్రకు కేటాయించిన సొమ్మును సంచి ధరలోనే తగ్గింపుమని అడుగవచ్చును. నేను కొలువులో నున్నప్పుడు అట్లడిగిన సంఘములు రెండే తగిలినవి. రెంటికిని తగ్గించియే యిచ్చితిని.