మీకు తెలుసా? చిట్టెలుక బుగ్గల్లో చిచ్చరపిడుగు

ఒక్క క్షణం కుదురుగా కూర్చోని బుడతణ్ణి మన ఇళ్లలో ‘చిచ్చరపిడుగు’ అంటారు, ‘సిసింద్రీ’ అంటారు. పిడుగునీ పసితనాన్నీ ఒక్క మాటలో ముడివేసి ముద్దుచేసే భాష మనది. అందుకేనేమో, బుగ్గల్లో కరెంటు దాచుకున్న పసుపుపచ్చని పోకెమాన్ ప్రాణి పికాచూ జపాన్‌లో పుట్టినా మన పిల్లలకు పరాయిదిగా తోచదు. అలాంటి కరెంటు చిట్టెలుకను నిజంగానే ఇంట్లో పెంచుకోగలిగితే ఎంత బాగుండును! ఆ ఊహ చుట్టూ అల్లుకున్న నిజాలు కొన్ని ఇవిగో.

పికాచూ మొదట ఎలుక కాదని మీకు తెలుసా? తొలి పోకెమాన్ ఆటలు 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో విడుదలయ్యాయి. వాటి కోసం దీన్ని ఊహించిన చిత్రకారిణి అత్సుకో నిషిదా. ఆమె మొదట గీసిన రూపం దైఫుకు అనే మిఠాయిలా ఉండేది. బంక బియ్యప్పిండి ముద్ద లోపల తీపి చిక్కుడు గింజల పూర్ణం పెట్టి దైఫుకు చేస్తారు. మన పూర్ణంబూరెను కాస్త నిలువుగా సాగదీసి, పైన రెండు చెవులు తగిలించినట్టు ఊహించుకోండి. ఆ రోజుల్లో నిషిదాకు ఉడుతలంటే మహా ఇష్టం. తిండిని బుగ్గల్లో కుక్కుకునే వాటి అలవాటు చూసి, గింజల చోట విద్యుత్తును పెట్టింది. ఆ రెండు ఎర్రని బుగ్గల వెనకున్న ఆలోచన అదే.

ఎలుకతనం పేరుతో వచ్చింది. జపనీయ భాషలో ‘పికా’ అంటే మన ‘తళుక్కు’ లాంటి ధ్వన్యనుకరణం, ‘చూ’ అంటే ఎలుక చేసే కిచకిచ. రెండూ కలిపి తెలుగులో చెప్పుకోవాలంటే ‘తళుకుకిచ్చు’ అనాలేమో! పికాచూ ఎత్తు 40 సెంటీమీటర్లు, బరువు 6 కిలోలు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయే కొలత. వీపు మీద రెండు గోధుమరంగు అడ్డచారలు. మన పెరటి ఉడుతకు రాముడు ప్రేమగా నిమిరితే పడ్డాయని చెప్పుకునే చారలు మూడు, అవి నిలువుగా ఉంటాయి. ఆ కథ విని పెరిగినదాన్ని కాబట్టి, పికాచూ వీపు చూసినప్పుడల్లా దీన్ని నిమిరిన చెయ్యి ఎవరిదా అనిపిస్తుంది నాకు.

తొలి ఆటలో ఇది ఊరికే దొరికేది కాదు. విరిడియన్ అడవిలో ఎదురయ్యే ప్రాణుల్లో పికాచూ వంతు నూటికి 5 మాత్రమే. గడ్డిలో అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి ఆ చెవులు కనబడితే పిల్లల ఆనందానికి పట్టపగ్గాలుండేవి కావు. దీనికి పై రూపంగా కోరలూ కొమ్ములూ ఉన్న ‘గోరోచూ’ అనే మరో ప్రాణిని కూడా అనుకుని వదిలేశారు. వదిలెయ్యడమే మంచిదైందంటాను.

ఇక అసలు సందేహం. పికాచూ కొట్టే ప్రసిద్ధమైన దెబ్బకు జపనీయ భాషలో పేరే ‘లక్ష వోల్టులు’. అంతటి కరెంటు ఉన్నదాన్ని ముట్టుకుంటే మనిషి బతుకుతాడా? ఒక్క వోల్టుల లెక్కతో భయపడనక్కర్లేదు. సైన్సు మ్యూజియాల్లో జుట్టు నిక్కబొడుచుకునేలా చేసే వాన్ డి గ్రాఫ్ యంత్రం లక్షల వోల్టులకు చేరగలదు. అయినా దానిమీద పేరుకునే ఆవేశం కొద్దిపాటిదే కాబట్టి, జాగ్రత్తలు తీసుకుని పిల్లల చేత ముట్టిస్తారు. చలికాలంలో సింథటిక్ దుప్పటి విదిలిస్తే చీకట్లో చిటపటలాడే మెరుపులు కూడా వేల వోల్టులవే. ప్రాణం తీసేది ఒంట్లోంచి ఎంత కరెంటు, ఎంతసేపు పారిందన్నది. కాబట్టి కోపం వస్తే చురుక్కుమనిపించి ఊరుకునే చిట్టెలుకను ఊహించుకోవడానికి భౌతికశాస్త్రం అడ్డుచెప్పదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో మాత్రం పాపం దానికి కష్టమే. గాలిలో తేమ ఎక్కువైతే బొచ్చు మీద స్థిరవిద్యుత్తు నిలవదు.

జీవశాస్త్రం మాత్రం అంత ఉదారంగా లేదు. ఒంట్లోనే బలమైన కరెంటు పుట్టించి షాక్ కొట్టే క్షీరదం లోకంలో ఒక్కటీ లేదు. ఆ విద్య చేపలది. దక్షిణ అమెరికా నదుల్లోని విద్యుత్ ఈల్ పేరుకు ఈలే గానీ, నిజానికి జెల్లచేపలకు దగ్గరి చుట్టం. కండరాల నుంచే రూపం మార్చుకున్న వేల కణాలు దాని ఒంట్లో టార్చిలైటు బ్యాటరీల్లా వరుసగా పేర్చి ఉంటాయి. ఒక్కో కణం ఇచ్చేది వోల్టులో ఆరో ఏడో వంతు. అన్నీ ఒక్కసారి కలిస్తే దెబ్బ భారీగా ఉంటుంది. 2019లో కొత్త జాతిగా గుర్తించిన ఒక ఈల్ దగ్గర 860 వోల్టులు నమోదయ్యాయి. ఈ విద్య నీళ్లలోనే ఎందుకు పుట్టిందంటే, నీరు కరెంటును మోసుకుపోతుంది, గాలి ఆపేస్తుంది. పొడినేల మీద తిరిగే ఎలుకకు ఆ అవయవం ఉన్నా శత్రువును తాకితే తప్ప పనికిరాదు.

అయినా, కరెంటు పుట్టించిన బుల్లి ప్రాణి నిజంగానే ఒకటుంది! 2009లో అమెరికాలోని జార్జియా టెక్ శాస్త్రవేత్త జోంగ్ లిన్ వాంగ్ బృందం హామ్‌స్టర్ అనే ఎలుకలాంటి ప్రాణికి చిన్న చొక్కా తొడిగింది. ఆ చొక్కాకు జింక్ ఆక్సైడ్ సన్నతీగలతో చేసిన పరికరం అమర్చారు. తీగ వంగినప్పుడల్లా కాస్త విద్యుత్తు పుడుతుంది. హామ్‌స్టర్ చక్రంలో పరుగెత్తింది, ఒళ్లు గోక్కుంది. కరెంటు పుట్టింది. వచ్చింది ఒక వోల్టులో పదోవంతు దరిదాపు. పికాచూ లక్ష వోల్టుల్లో అది పదిలక్షలో ఒక వంతు. అయితేనేం, చొక్కా వేసుకుని పరుగెత్తిన ఆ బుజ్జి ప్రాణిని తలుచుకుంటే నాకు మనసు నిండిపోతుంది.

బుగ్గల సంగతిలోనూ హామ్‌స్టరే పికాచూకు దగ్గర. దాని బుగ్గసంచులు భుజాలు దాటి వెనక్కి సాగుతాయి. ఇంకో విశేషం: ఇప్పుడు ఇళ్లలో పెరిగే బంగారు హామ్‌స్టర్ల మూలాలు 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర పొలంలో తవ్వి తీసిన ఒక్క తల్లి, దాని 11 పిల్లల దగ్గరికి చేరతాయి. దాన్ని వెతికించినవాడు జంతుశాస్త్రవేత్త ఇజ్రాయెల్ అహరోని.

పికాచూ తోబుట్టువుల్లాంటి బుల్లి కరెంటు ప్రాణులు పోకెమాన్ లోకంలో చాలానే ఉన్నాయి. పచిరిసు అనే ఉడుత చిటపటలాడే బొచ్చు ఉండలు చేసి, పండ్లతోపాటు చెట్టుతొర్రలో దాచుకుంటుంది. ఆటలో బలహీనంగా లెక్కగట్టే ఆ ఉడుతను జట్టులో పెట్టుకుని దక్షిణ కొరియా కుర్రవాడు సెజున్ పార్క్ 2014లో ప్రపంచ విజేత అయ్యాడు. అన్నిటికంటే ఇంటికి దగ్గరగా అనిపించేది 20 సెంటీమీటర్ల దెదెన్నె. ఇంట్లో ప్లగ్గు కనబడితే చాలు, తోక పెట్టి కరెంటు పీల్చుకుంటుంది. అసలు ఎలుకలు కరెంటు తీగ కొరకడానికి కారణం వేరు. వాటి ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, దేన్నో ఒకదాన్ని కొరికి అరగదీసుకోక తప్పదు.

పెంపుడు జంతువన్న ఊహకు అచ్చంగా రూపమిచ్చింది 1998. ఆ ఏడు నింటెండో ‘పాకెట్ పికాచూ’ అనే చేతిలో ఇమిడే బొమ్మను తెచ్చింది. నడుముకు తగిలించుకుని నడిస్తే అది అడుగులు లెక్కపెడుతుంది. 20 అడుగులకు ఒక వాట్. అలా కూడబెట్టిన వాట్లను పికాచూకు కానుకగా ఇస్తే దానికి మనమీద ఇష్టం పెరుగుతుంది. అదే ఏడు సెప్టెంబరులో జపాన్‌లో వచ్చిన ‘పసుపు’ పోకెమాన్ ఆటలో పికాచూ, పోకెమాన్లను ఉంచే బంతిలో దూరకుండా మన వెనకే నడిచేది. ఆగి దానివైపు తిరిగితే ముఖం చూపించేది, సంతోషమో అలకో తెలిసిపోయేది. రూపం మార్చే పిడుగురాయి ఇస్తే వద్దని మారాం చేసేది.

1997 ఏప్రిల్ 1న ప్రసారమైన పోకెమాన్ టీవీ కథ మొదటి భాగంలో పికాచూ, కథానాయకుడైన కుర్రవాడు యాష్ మాట అసలు వినదు. షాక్ తగలకుండా రబ్బరు తొడుగులు వేసుకుని, తాడు కట్టి లాక్కెళ్లాల్సి వస్తుంది వాడికి. తర్వాత దారిలో పక్షుల గుంపు మీద పడినప్పుడు, గాయపడిన పికాచూకు వాడు చేతులు చాచి అడ్డుగా నిలబడతాడు. అప్పుడు ఆ చిట్టెలుక పరుగున వచ్చి, వాడి భుజం మీంచి పైకెగిరి, బుగ్గల్లో ఉన్న పిడుగంతా వాడి కోసం కురిపిస్తుంది.