తెలియని అంకెల నడుమ మధ్యగతము

సగటు అను మాట మన ఇండ్లలో నిత్యము వినబడునదే. దిగుబడి సగటు, ఖర్చు సగటు, మార్కుల సగటు అని మనము లెక్కించుచునే యుందుము. దానికి తోబుట్టువు వంటి కొలత మరియొకటి కలదు. అంకెలను చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగా నిలిపి, సరిగా నడుమ నిలిచినదానిని తీసికొన్నచో అది మధ్యగతము. అంకెల లెక్క సరిసంఖ్యయైనచో నడిమి రెండింటి సగటును గ్రహింతురు. చూచుటకు స్వల్పమైన ఈ కొలతకు ఒక గొప్ప గుణము కలదు. కొన్ని అంకెలు మనకు తెలియకున్నను, తాను ఏ హద్దుల నడుమ నున్నదో అది చెప్పగలదు.

ఒక యూరిలో సమానమైన పొలములు ఏడు కలవనుకొందము. ఐదింటి నూర్పులు ముగిసినవి. ఎకరమునకు వరుసగా 18, 20, 23, 25, 30 బస్తాల ధాన్యము వచ్చినది. తక్కిన రెండింటి కోత ఇంకను కాలేదు. ఏడు పొలముల సగటు ఎంతయని అడిగినచో మనము నోరు మెదపలేము. ఆ రెండింటిలో ఏమి పండునో తెలియనిదే కూడిక సాగదు గదా! మధ్యగతము సంగతి అట్లు కాదు.

ఏడింటిలో నడిమిది నాలుగవది. మిగిలిన రెండు పొలములును 18 బస్తాలకు తక్కువగా పండినచో అవి వరుసకు మొదట చేరును. అప్పుడు 18 మూడవది, 20 నాలుగవది యగును. రెండును 30 బస్తాలకు మించి పండినచో అవి చివరకు పోవును. అప్పుడు 25 నాలుగవ స్థానమున నిలుచును. ఒకటి మిక్కిలి తక్కువగను, ఒకటి మిక్కిలి ఎక్కువగను పండినచో 23 నడిమిదగును. కావున మధ్యగతము 20కి తగ్గదు, 25కు మించదు. ఆ నడుమ ఏదైనను కావచ్చును.

దీనినుండి ఒక సూత్రము తేలుచున్నది. నడిమి స్థానము నాలుగు, తెలియనివి రెండు. నాలుగునుండి రెండు తీసివేయగా రెండు. తెలిసిన అంకెలలో రెండవది కనిష్ఠపు హద్దు, నాలుగవది గరిష్ఠపు హద్దు. తెలియనివి మూడైనచో, తెలిసిన నాలుగింటిలో మొదటిది ఒక హద్దు, చివరిది రెండవ హద్దు అగును. తెలియనివి నాలుగైనచో, అనగా సగమునకు మించినచో, హద్దులు రెండును చెదరిపోవును. సగముకంటె ఎక్కువ మంది సాక్షులు మౌనము వహించిన వ్యాజ్యమువంటి దది.

ఇది పొలముల లెక్కతో ముగియు వినోదము కాదు. ప్రాణములతో ముడివడిన చోటను ఇదే ప్రశ్న ఎదురగుచున్నది. 1963లో అమెరికా వైద్యులు ల్యుకీమియా అను రక్తపు క్యాన్సరును గూర్చిన ఒక పరీక్ష ఫలితములను ప్రకటించిరి. తొలి చికిత్సతో రోగము అణగిన 42 మందిని, అధికభాగము పసివారిని, రెండు జట్లు చేసిరి. 21 మందికి మెర్కాప్టోప్యూరిన్ అను మందును, 21 మందికి మందువలె కనబడు వట్టి మాత్రను ఇచ్చిరి. రోగము ఎన్ని వారములకు తిరుగబెట్టునో గమనించిరి.

వట్టి మాత్ర వేసికొన్న 21 మందికిని రోగము తిరుగబెట్టినది. వరుసలో పదునొకండవది నడిమిది. అది 8 వారములు. మందు వేసికొన్నవారిలో 9 మందికి మాత్రమే తిరుగబెట్టినది. ఆ వారములు 6, 6, 6, 7, 10, 13, 16, 22, 23. తక్కిన 12 మంది పరిశీలన ముగియునాటికి ఇంకను నెమ్మదిగానే యుండిరి. వారి అంకె ఎంత? ఒకరికి 6 వారములకు పైగా, మరియొకరికి 35 వారములకు పైగా అని మాత్రమే తెలియును.

ఇచ్చట తొందరపాటు మనిషి తెలియనివారిని లెక్కనుండి తొలగించును. అప్పుడు మిగిలిన తొమ్మిదింటి మధ్యగతము 10 వారములు. 8కిని 10కిని భేద మెంత? మందు పెద్దగా పనిచేయలేదనిపించును. కాని తొలగించిన వారెవరు? మందు వలన మేలు పొందినవారే! మంచి ఫలితములను విడిచి చెడ్డవానినే లెక్కించినట్లయినది.

ఇప్పుడు మన పొలముల పద్ధతిని పట్టుదము. అత్యంత దురదృష్టకరమైన పక్షమునే ఊహింతము: పరిశీలన ఆగిన మరుక్షణముననే ఆ 12 మందికిని రోగము తిరుగబెట్టినదనుకొందము. అట్లు అందరిని వరుసలో నిలిపినను పదునొకండవ అంకె 16 వారములు. అనగా ఎంత తగ్గించి చూచినను, వట్టి మాత్ర జట్టు మధ్యగతమునకు ఇది రెండింతలు. పై హద్దు మాత్రము లేదు; తెలియనివారు సగమునకు మించియున్నారు గదా.

హద్దుతో తృప్తి పడక అంచనా కూడ కావలెనన్నచో, 1958లో ఎడ్వర్డ్ కాప్లన్, పాల్ మెయర్ అను గణితవేత్తలు చూపిన మార్గము కలదు. రోగము తిరుగబెట్టిన ప్రతి వారమునందును, ఆనాటికి ఇంకను పరిశీలనలో ఉన్నవారిలో ఎందరు నిలిచిరో ఆ భాగమును కట్టి, ఆ భాగములను వరుసగా గుణింతురు. పరిశీలన ఆగినవాడు ఆగిన దినమువరకు లెక్కలో ఉండును. అటుపిమ్మట సాక్ష్యము చెప్పడు. గుణకారము సగమునకు దిగిన వారమే మధ్యగతము. ఈ లెక్కలో మందు జట్టుకు 23 వారములు వచ్చుచున్నది. ఆ మందును రూపొందించినవారిలో గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ అనువారికి 1988లో నోబెల్ బహుమతి లభించినది. పసివారి ల్యుకీమియా చికిత్సలో ఆ మందు నేటికిని వాడుకలో నున్నది.

మధ్యగతము తెలిసినను దానిని చదువుట తెలియవలెను. స్టీఫెన్ జే గౌల్డ్ అను జీవశాస్త్రవేత్తకు 1982లో అరుదైన క్యాన్సరు కనబడినది. ఆ రోగులు జీవించు కాలపు మధ్యగతము 8 నెలలని ఆయన గ్రంథములలో చదివెను. అనగా సగము మంది అంతకు మించి జీవింతురనియు, ఆ మించు కాలము బహుదీర్ఘము కావచ్చుననియు ఆయన గ్రహించెను. ఆపై 20 సంవత్సరములు జీవించి 2002లో వేరొక క్యాన్సరుతో మరణించెను.

కావున మన ఇంటివారికి సంబంధించిన ఏ మధ్యగతమైనను మన చెవిని పడినప్పుడు, రెండు ప్రశ్నలు వేయుదము. ఎందరి సంగతి ఇంకను తెలియదు? తెలియనివారిని ఏమి చేసిరి? ఈ రెండింటికి సమాధానము దొరకినచో ఆ అంకె మనకు భయమును గాక వెలుగును ఇచ్చును.