నడుముకు వెల్లకిలా పడుకోమన్నారు, గురకకు వద్దన్నారు.. రెండు సమస్యలూ ఉంటే ఏం చేయాలి?

వెన్ను డాక్టరేమో ‘మోకాళ్ల కింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకోండి’ అన్నారు. నిద్ర పరీక్ష చేసిన డాక్టరు ‘వెల్లకిలా మాత్రం వద్దు, మీకు శ్వాస ఆగేది అప్పుడే ఎక్కువ’ అన్నారు. ఒకరు రాసిన నొప్పి మాత్ర సంగతి రెండోవారికి తెలియదు. రాత్రి మాస్కు పెట్టుకుంటే దాని పట్టీ సరిగ్గా మెడ నొప్పి ఉన్నచోటే ఒత్తుతోంది. ఇలాంటప్పుడు చాలామంది విసిగిపోయి మాస్కు తీసి పక్కన పెట్టేస్తారు.

మీ పరిస్థితి ఇదే అయితే, ఒక చికిత్స కోసం ఇంకోటి వదులుకోవాల్సిన పనిలేదు. కాకపోతే రెండు విభాగాల మధ్య సమాచారం దానంతట అది చేరదు. ఆ బాధ్యత మీరే తీసుకోవాలి.

రెండింటికీ సంబంధం ఏమిటి?

స్లీప్ ఆప్నియాలో నిద్రపోయినప్పుడు గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. శ్వాస ఆగుతుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. గంటకు ఇలా ఎన్నిసార్లు జరుగుతోందో చెప్పే లెక్కే మీ రిపోర్టులో కనిపించే ఏహెచ్ఐ. పెద్దవాళ్లలో 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

నిద్ర ముక్కలైతే నొప్పిని తట్టుకునే శక్తి తగ్గుతుంది. నొప్పి ఎక్కువైతే నిద్ర ఇంకా చెడుతుంది. కదలిక తగ్గి బరువు పెరిగితే ఆప్నియా కూడా పెరుగుతుంది. అందుకే మాస్కు మానేస్తే నష్టం గురక వరకే ఆగదు, నడుము మీదా పడుతుంది.

ఎలా పడుకోవాలి?

చాలామందికి కుదిరే మధ్యే మార్గం పక్కకు తిరిగి పడుకోవడం. రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే నడుము మెలి తిరగదు. వీపు వెనుక పొడవాటి దిండు ఉంటే నిద్రలో వెల్లకిలా దొర్లకుండా ఆపుతుంది. తల దిండు చెవికీ భుజానికీ మధ్య ఖాళీ నిండేంత ఎత్తు ఉంటే చాలు.

రెండు మూడు దిండ్లు పేర్చి తల ఎత్తుకోవడం మాత్రం మంచిది కాదు. గడ్డం ఛాతీకి ఆనితే గాలి దారి ఇరుకవుతుంది, మెడ మీద భారం కూడా పడుతుంది. తల వైపు ఎత్తు కావాలంటే నడుము పైభాగం మొత్తం వాలుగా లేచేలా చూసుకోవాలి.

వెన్ను సమస్య వల్ల పక్కకు తిరగడం అసలు వీలు కాకపోతే ఆ సంగతి నిద్ర డాక్టరుకు చెప్పండి. వెల్లకిలా ఉన్నప్పుడు కూడా సరిపోయేలా మెషిన్ ప్రెషర్ సరిచేస్తారు. మీరు ఇంట్లో పడుకునే పద్ధతిలో పరీక్ష జరగకపోతే, అక్కడ కుదిరిన ప్రెషర్ ఇంట్లో సరిపోకపోవచ్చు.

మెషిన్, మాస్కు విషయంలో జాగ్రత్తలు

సీప్యాప్ మెషిన్‌ను పరుపు ఎత్తులో, లేదా కాస్త కిందగా ఉండే బల్ల మీద పెట్టండి. మరీ పైన ఉంటే హ్యుమిడిఫైయర్ నీళ్లు గొట్టంలోకి జారి మాస్కులోకి రావచ్చు. నేల మీద పెడితే నీళ్లు పోయడానికి రోజూ వంగాలి. మాస్కు కడిగేటప్పుడూ సింకు మీద వంగకుండా, బల్ల మీద గిన్నె పెట్టుకుని కూర్చుని కడుక్కోవచ్చు.

పట్టీ మెడ వెనుక ఒత్తుతుంటే వేరే మోడల్ మాస్కు చూపించమని అడగండి. గొట్టం తల పైనుంచి వచ్చే రకం మాస్కులు పక్కకు తిరిగి పడుకునేవారికి సులువు. మెడకు కాలర్ వాడుతున్నవారు కాలర్‌తో కలిపే మాస్కు సరిచూసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. కొన్ని మాస్కుల క్లిప్పుల్లో అయస్కాంతాలు ఉంటాయి. వెన్నులో నొప్పి తగ్గించే స్టిమ్యులేటర్, మందు పంపు లాంటివి అమర్చినవారు వాటిని వాడకూడదు. మీ పక్కన పడుకునేవారికి పేస్‌మేకర్ ఉన్నా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. అయస్కాంతం లేని క్లిప్పులతోనూ మాస్కులు దొరుకుతాయి.

సెకండ్ హ్యాండ్ మెషిన్ చవకగా వస్తోందని కొనేముందు మోడల్, సీరియల్ నంబర్ చూసుకోండి. లోపలి ఫోమ్ పాడవుతోందన్న కారణంతో 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లక్షల మెషిన్లను వెనక్కి పిలిచింది.

ఏ మందుల విషయంలో జాగ్రత్త?

వెన్ను నొప్పికి రాసే ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ మందులు, నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్, గాబాపెంటిన్, కండరాల బిగువు తగ్గించే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు శ్వాసను మందగింపజేయగలవు. రెండు మూడు కలిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. వాటికి మద్యం తోడైతే మరీ ప్రమాదం.

అలాగని భయపడి ఒక్కసారిగా మానేయకండి. కొన్నింటిని హఠాత్తుగా ఆపితే వేరే ఇబ్బందులు వస్తాయి. ‘నాకు స్లీప్ ఆప్నియా ఉంది, ఈ డోసు నాకు సరిపడుతుందా?’ అని రాసిన డాక్టరునే అడగండి. ఈ మందులు వేసుకున్న రోజు మాస్కు లేకుండా పగలు కునుకు తీయడం కూడా మంచిది కాదు.

వెన్ను ఆపరేషన్ ఉంటే?

మత్తు డాక్టరుకు ముందే చెప్పి తీరాల్సిన మాట ఇది. స్లీప్ ఆప్నియా ఉన్నవారికి మత్తు, ఆ తర్వాత ఇచ్చే నొప్పి మందుల వల్ల శ్వాస ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ. మెడ ముందువైపు నుంచి చేసే ఆపరేషన్ తర్వాత గొంతులో వాపు కూడా రావచ్చు. మీ మెషిన్, మాస్కు ఆస్పత్రికి వెంట తీసుకెళ్లండి. ఆపరేషన్ తర్వాత ఎప్పటి నుంచి పెట్టుకోవాలో ముందే రాయించుకోండి.

ఖర్చు ఎవరిస్తారు?

ఆయుష్మాన్ భారత్, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం ఉన్నవి. అందుకే ఇంట్లో వాడే మెషిన్‌కు డబ్బు వస్తుందని లెక్క వేసుకోకండి. వెన్ను ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో మాత్రం నెట్‌వర్క్ ఆస్పత్రిలోని హెల్ప్‌డెస్క్‌లో అడగండి.

ప్రైవేటు బీమాలో సీప్యాప్, బైప్యాప్ మెషిన్లు సాధారణంగా చెల్లించని వస్తువుల జాబితాలో ఉంటాయి. మీ పాలసీ పత్రంలో ఆ జాబితా చదవండి. కొత్తగా పాలసీ తీసుకుంటే రెండు జబ్బులూ తప్పకుండా వెల్లడించండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 36 నెలలే ఉండాలన్నది 2024లో వచ్చిన నిబంధన. క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పరిష్కారం దొరక్కపోతే ఐఆర్‌డీఏఐ నంబరు 155255కు కాల్ చేయవచ్చు. హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికీ వెళ్లవచ్చు. అక్కడ ఫీజు లేదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లకు సీజీహెచ్‌ఎస్‌లో మెషిన్ ఖర్చు ఒక పరిమితి వరకు తిరిగి వచ్చే వీలుంది. ముందస్తు అనుమతి కావాలి, నిద్ర పరీక్ష రిపోర్టు ఉండాలి. కొనేసి తర్వాత అడిగితే చిక్కు.

ఒక్క కాగితం రాసుకోండి

ఇవాళే ఒక కాగితం మీద ఇవి రాయండి: మీ ఏహెచ్ఐ, మెషిన్ ప్రెషర్, మాస్కు పేరు, వెన్ను సమస్య పేరు, ఒంట్లో అమర్చిన పరికరాలు, వేసుకునే ప్రతి మందు, డోసు. ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఇంట్లో ఒకరికి పంపండి. 14 అంకెల ఆభా నంబరు ఉంటే రిపోర్టులను దానికి అనుసంధానించుకోవచ్చు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఈ కాగితమే చూపించండి.

ఆగకూడని సందర్భాలు కూడా గుర్తుంచుకోండి. కాళ్లలో బలం తగ్గడం, తొడల మధ్య స్పర్శ పోవడం, మూత్రం లేదా మల విసర్జనపై అదుపు తప్పడం కనిపిస్తే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. మనిషిని లేపినా లేవనంత మత్తుగా ఉండి శ్వాస నెమ్మదిస్తే 108కి ఫోన్ చేయాలి. పగలు కునుకుపాట్లు ఆగడం లేదంటే, చికిత్స కుదురుకునే వరకు బండి నడపకండి.