కొండ చాటు రేవు – విశాఖపట్నం

బంగాళాఖాతం ఒడ్డున విశాఖపట్నం ఉంది. అందరూ వైజాగ్ అని కూడా అంటారు. సముద్రం ఒడ్డున ఊళ్లు చాలా ఉన్నాయి. కానీ పెద్ద ఓడలు అన్ని చోట్లా ఆగలేవు. మరి విశాఖలో ఎలా ఆగుతున్నాయి?

ఇక్కడ ఒక కొండ సముద్రంలోకి చొచ్చుకుని వచ్చింది. దాని పేరు డాల్ఫిన్ నోస్. అంటే డాల్ఫిన్ ముక్కు. ఈ కొండ అడ్డుగా ఉండి అలల దెబ్బను ఆపుతుంది. కొండ పక్కనున్న బురద నేలను తవ్వి రేవు కట్టారు. అలల జోరు ఇంకా తగ్గాలని రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి, రేవు ముందు ముంచేశారు. 1933లో రేవు మొదలైంది.

ఓడలు దాగే చోటు నౌకాదళానికీ కావాలి. నౌకాదళం అంటే సముద్రం మీద కాపలా కాసే సైన్యం. తూర్పు సముద్రాన్ని కాచే నౌకాదళానికి విశాఖే ముఖ్య కేంద్రం.

1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. విక్రాంత్ అనే మన పెద్ద యుద్ధనౌకను వెతుక్కుంటూ ఘాజీ అనే జలాంతర్గామి విశాఖ దాకా వచ్చింది. జలాంతర్గామి అంటే నీటి అడుగున నడిచే ఓడ. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. ఘాజీ రేవు బయటే మునిగింది. మన నౌక రాజ్‌పుత్ ముంచిందని భారత్ చెబుతుంది. ప్రమాదం వల్ల మునిగిందని పాకిస్తాన్ అంటుంది. అందులోని తొంభై మందికి పైగా చనిపోయారు. వాళ్లకూ ఇంటి దగ్గర తల్లులు, భార్యలు ఉన్నారు. యుద్ధం అంటే ఇదే.

జలాంతర్గామి లోపల ఎలా ఉంటుందో రామకృష్ణా బీచ్‌లో చూడొచ్చు. కురుసుర అనే మన జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా పనిచేసింది. 2002లో దాన్ని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. పొడవు సుమారు 91 మీటర్లు. లోపల మాత్రం చాలా ఇరుకు. ఒక గదిలోంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి వంగి వెళ్లాలి. ఒకదాని మీద ఒకటి పడకలు. వంటగది చిన్నది. ఇందులోనే సుమారు 75 మంది మగవాళ్లు రోజుల తరబడి ఉండేవాళ్లు. నీటి అడుగున బ్యాటరీలతో నడిచేది. అవి అయిపోతే పైకి వచ్చి, డీజిల్ ఇంజన్లతో మళ్లీ నింపుకునేవాళ్లు.

ఇప్పుడు నౌకాదళంలో ఆడవాళ్లూ ఉన్నారు. 1992 నుంచి అధికారులుగా చేరుతున్నారు. 2022లో నావికులుగా కూడా తీసుకోవడం మొదలైంది.

విశాఖ వెళ్తే ఇవన్నీ చూడొచ్చు. అయితే ఆ ఒడ్డున సముద్రం లోతు. అలలు మనిషిని లోపలికి లాగేస్తాయి. నీళ్లలోకి దిగే ముందు అక్కడి హెచ్చరిక బోర్డు చదవాలి. పిల్లలకూ చదివి చెప్పాలి. నేర్చుకున్న చదువు ప్రాణం కాపాడేది ఇలాంటి చోటే.