ఆకురాలు కాలపు రంగులు: ఛాయాచిత్రాలు తీయడం, ఎంచుకోవడం



గోడ క్యాలెండర్ల మీద ఎర్రగా, పసుపుపచ్చగా మెరిసే అడవుల బొమ్మలు మీరందరూ చూసే ఉంటారు. అవి చాలావరకు అమెరికాలోని వెర్మాంట్‌లోనో, కెనడాలోనో, జపాన్‌లోనో అక్టోబర్, నవంబర్ నెలల్లో తీసినవి. వాటిని చూసి, మన దేశంలో ఇలాంటి రంగులు కాశ్మీరులో తప్ప ఎక్కడా ఉండవని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మన చెట్లూ రంగు మారుతాయి. అయితే వాటి కాలం వేరు, కారణం వేరు. ఆ రెండూ తెలిస్తే మంచి ఛాయాచిత్రం తీయవచ్చు. తీసినవాటిలో దేన్ని ఉంచుకోవాలో కూడా తెలుస్తుంది. ఈ పాఠంలో ఆ విషయాలను క్రమంగా పరిశీలిద్దాం.

మన ఆకురాలు కాలం ఎప్పుడు?

ఇంగ్లీషు వారి ఆటమ్ అనే మాటకు నిఘంటువులు శరదృతువు అని అర్థం చెబుతాయి. కాని మన శరత్తు ఆశ్వయుజ, కార్తీక మాసాలు. అప్పుడు మన చెట్లు వానలు తాగి నిండు పచ్చగా ఉంటాయి. మనకు ఆకులు రాలేది శిశిరంలో, అంటే మాఘ, ఫాల్గుణ మాసాల్లో. ఇంగ్లీషు లెక్కలో సుమారుగా జనవరి నడిమి నుంచి మార్చి నడిమి వరకు.

పుదుచ్చేరికి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న పిళ్ళైచావడిని ఉదాహరణగా తీసుకుందాం. ఇంజనీరింగ్ విద్య కోసం వచ్చే విద్యార్థులకు ఇది తెలిసిన ఊరే. ఇక్కడ ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల కురుస్తుంది. కాబట్టి వెర్మాంట్‌లో మేపుల్ చెట్లు ఎర్రబడే రోజుల్లో ఇక్కడ వాన పడుతూ ఉంటుంది. సంక్రాంతి దాటి వానలు వెనకబడ్డాక ఇక్కడి తీరంలో రంగు మొదలవుతుంది. ఆ రంగు చూపే ముఖ్యమైన చెట్టు మనకందరికీ తెలిసిన నాటు బాదం. బడి ఆవరణలోనూ, బస్టాండులోనూ నీడనిచ్చే చెట్టు అదే.

ఆకు ఎందుకు రంగు మారుతుంది?

ఆకు పచ్చగా ఉండటానికి కారణం పత్రహరితం. చలిదేశాల్లో పగటి కాలం తగ్గి చలి పెరిగినప్పుడు, మన దగ్గర నేలలో తేమ తగ్గినప్పుడు, చెట్టు ఆకులను వదిలించుకోవడానికి సిద్ధపడుతుంది. ఆకు ద్వారా ఆవిరైపోయే నీటిని ఆదా చేసుకోవడం ఇక్కడ దాని అవసరం. రాల్చే ముందు ఆకులోని నత్రజని వంటి పోషకాలను కొమ్మలోకి వెనక్కు తీసుకుంటుంది. ఆ క్రమంలో పత్రహరితం విరిగిపోతుంది. అంతవరకు దాని చాటున ఉన్న కెరోటినాయిడ్లు బయటపడి ఆకు పసుపుపచ్చగా కనిపిస్తుంది.

ఎరుపు సంగతి వేరు. ఎర్రని ఆంథోసయనిన్లు చాలావరకు ఆ సమయంలోనే కొత్తగా తయారవుతాయి. పోషకాలు వెనక్కు వెళ్ళే వరకు ముసలి ఆకును తీవ్రమైన ఎండ నుంచి కాపాడటం వాటి పని కావచ్చని శాస్త్రవేత్తలు వివరిస్తారు. చాలా చెట్లలో ఎండ తగిలే ఆకులే ఎక్కువ ఎర్రబడతాయి. ఎరుపు కోసం చెట్టుకు ఏ వైపు చూడాలో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎర్రని ఆకు ప్రతిదీ రాలబోయే ఆకు కాదు. మామిడి, రావి చెట్ల లేత చిగుళ్ళు కూడా రాగి రంగులో ఉంటాయి. వాటిలోనూ ఆంథోసయనిన్లే ఉంటాయి. చిగురు కొమ్మ చివర మెత్తగా, నిగనిగలాడుతూ వేలాడుతుంది. రాలబోయే ఆకు గుత్తిలో కిందివైపు, మచ్చలతో, చిరుగులతో ఉంటుంది. ఒకటి చెట్టుకు ఆరంభం, ఇంకొకటి ముగింపు. ఈ తేడా తెలియకుండా తీసిన చిత్రం కింద ఏ వాక్యం రాసినా తప్పే అవుతుంది.

చెట్టును ఎలా చూడాలి?

బాదం చెట్టు కొమ్మలు అంతస్తులుగా అడ్డంగా చాచుకుని ఉంటాయి. పెద్ద ఆకులు కొమ్మ చివర గుత్తిగా చేరి ఉంటాయి. అవన్నీ ఒక్కసారిగా రంగు మారవు. ఒకే గుత్తిలో పచ్చ, పసుపు, నారింజ, ముదురు ఎరుపు కలిసి కనిపిస్తాయి. అంటే ఆకు చివరి దశలన్నీ ఒక్క చిత్రంలోకి వస్తాయి. పూర్తిగా ఎర్రబడిన ఆకు కోసమే వెతకకండి. ఇలాంటి గుత్తి దొరికితే ముందు దాన్ని తీయండి.

తర్వాత వెలుగును గమనించండి. ఆకు పలచనిది. వెలుగు దాని మీద పడినప్పటి కన్నా దాని గుండా వచ్చినప్పుడు రంగు ఎక్కువ తేటగా కనిపిస్తుంది. పిళ్ళైచావడి తూర్పు తీరంలో ఉంది కాబట్టి సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో సరిగ్గా తూర్పున కాక కొంచెం ఆగ్నేయంగా ఉదయిస్తాడు. ఉదయం చెట్టుకు పడమటి పక్కన నిలబడి సముద్రం వైపు చూస్తే ఆకులు వెనుక నుంచి వెలుగుతాయి. సాయంత్రం ఇదే వెలుగు కావాలంటే సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు చూడాలి. నడి మధ్యాహ్నపు ఎండలో ఆకుల మీద తెల్లని మెరుపు వచ్చి రంగు వెలిసినట్టు పడుతుంది. మబ్బు పట్టిన రోజు మాత్రం ఏ వేళైనా రంగులు మెత్తగా, సమంగా వస్తాయి.

కెమెరా అమరికలు

మొదటిది, వైట్ బ్యాలెన్స్. దాన్ని ఆటోలో ఉంచితే కెమెరా ఎరుపు, పసుపు ఛాయలు ఎక్కువైనాయని భావించి వాటిని తగ్గించవచ్చు. డేలైట్ అమరికలో ఉంచండి.

రెండవది, ఎక్స్‌పోజర్. ముదురు ఎరుపు రంగు ఎక్కువ వెలుగులో త్వరగా చెదిరిపోతుంది. ఆకు ఈనెలు కనిపించక ఎర్రని ముద్దలా మిగులుతుంది. ఎక్స్‌పోజర్‌ను అర స్టాపు వరకు తగ్గించి చూడండి. సెల్ ఫోనులోనైతే ఆకు మీద వేలితో తాకి వెలుగును కొద్దిగా దించండి.

మూడవది, గాలి. సముద్రపు గాలికి ఆకు క్షణం నిలవదు. షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు, లేదా అంతకన్నా వేగంగా ఉండాలి. ఒక్క ఆకు కావాలంటే ఎఫ్ 4, చెట్టంతా కావాలంటే ఎఫ్ 8 వంటి ఎపర్చర్ సరిపోతుంది.

నాలుగవది, పోలరైజింగ్ ఫిల్టర్. ఆకు పైనున్న మైనపు పొర ఆకాశాన్ని ప్రతిఫలిస్తుంది. ఈ ఫిల్టర్ ఆ మెరుపును తగ్గించి ఆకు అసలు రంగును చూపుతుంది. ఒడ్డున ఉప్పు తుంపర లెన్సు మీద పేరుకుంటుంది కనుక మెత్తని గుడ్డ దగ్గర ఉంచుకోండి.

అడవికి వెళ్ళేటప్పుడు

నల్లమలలోనూ, ఆదిలాబాదు అడవుల్లోనూ శిశిరం ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆకురాల్చే ఆ అడవుల్లో టేకు వంటి చెట్లు మోడువారి నిలుస్తాయి. ఆకులన్నీ రాలిన మోదుగ కొమ్మల మీద ఫిబ్రవరి, మార్చి నెలల్లో నారింజ రంగు పూలు విరగబూస్తాయి. తెలంగాణ పల్లెల్లో హోలీ రంగును ఈ పూలను ఉడికించే తయారు చేసేవారు. ఈ అడవుల్లో నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాలు ఉన్నాయి. అటవీశాఖ అనుమతి ఉన్నచోటికే, పెద్దలతో కలిసి వెళ్ళండి. అది కార్చిచ్చుల కాలం కూడా. ఎండుటాకుల మధ్య నిప్పు రాజేయకూడదు. చిత్రం కోసం కొమ్మలు విరవకూడదు.

నూరింటిలో ఐదు

ఇప్పుడు కష్టమైన పనికి వద్దాం. ఒక ఉదయం మీరు నూరు చిత్రాలు తీశారనుకుందాం. అన్నీ దాచుకుంటే ఏదీ ఎంచుకోనట్టే.

మొదటి వడపోతలో ఫోకస్ తప్పినవి, కదిలినవి, రంగు చెదిరినవి తీసివేయండి. కెమెరా వెనకనున్న చిన్న తెర మీద అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. అందుకే ఈ పని కంప్యూటర్ మీద, చిత్రాన్ని పెద్దది చేసి చూస్తూ చేయాలి.

రెండవ వడపోత ఒకటి రెండు రోజులు ఆగి చేయండి. తీసిన రోజున ఆ ఉదయపు చల్లగాలి, పడ్డ శ్రమ కూడా మీకు చిత్రంలో కనిపిస్తాయి. చూసేవారికి అవి కనిపించవు. ఒకే రకమైన చిత్రాలను పక్కపక్కన పెట్టి జతకు ఒకటి చొప్పున మిగల్చండి.

మూడవ వడపోతలో చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. కొమ్మల అమరిక, వెలుగునీడలు అప్పుడూ నిలిచి ఉంటే ఆ చిత్రానికి బలం ఉన్నట్టు. రంగు తీసేయగానే ఏమీ మిగలకపోతే మరోసారి ఆలోచించండి.

చివరగా ప్రతి చిత్రాన్నీ ఒక ప్రశ్న అడగండి: మిగతావి చెప్పని ఏ విషయాన్ని ఇది చెబుతోంది? ఆకాశం ముందు వెలిగే ఒంటరి ఎర్రాకు ఒక చిత్రం. అదే చెట్టు, వెనుక సముద్రం, ఒడ్డున పడవ, కింద రాలిన ఆకులు ఇంకొక చిత్రం. మొదటిది చూడగానే ఆకట్టుకుంటుంది. కాని అది ఎక్కడిదైనా కావచ్చు. రెండవది ఏ ఊరిదో, ఏ కాలానిదో చెబుతుంది. మీ ఐదింటిలో దూరపు చిత్రం, నడిమి చిత్రం, దగ్గరి చిత్రం తప్పక ఉండేట్టు చూడండి.

రంగు దిద్దవచ్చునా?

కొంతవరకు దిద్దవచ్చు. కెమెరా తప్పుగా పట్టిన రంగును కంటికి కనిపించిన స్థితికి తీసుకురావడం దిద్దుబాటే. కాని సాచురేషన్ పెంచి, పసుపు ఆకును ఎర్రగా చేస్తే అది అబద్ధం. దీనివల్ల నష్టమేమిటని మీరు అడగవచ్చు.

జపాన్‌లోని క్యోటో నగరంలో చెర్రీ పూలు విచ్చుకున్న తేదీల ఆధారాలు తొమ్మిదవ శతాబ్దం నుంచి ఉన్నాయి. పాత దినచర్యల్లో ఎవరో శ్రద్ధగా రాసిపెట్టిన సంగతులవి. 2021లో మార్చి 26 నాటికే పూలు నిండుగా విచ్చుకున్నాయి. అప్పటికి దొరికిన లెక్కలన్నిటిలో అంత ముందుగా పూచిన ఏడాది లేదు. వాతావరణం వేడెక్కుతోందని చెప్పడానికి ఆ తేదీలు సాక్ష్యమయ్యాయి. మన బాదం చెట్టుకు, మోదుగకు అంత పాత లెక్కలు ఎక్కడున్నాయి? మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో విద్యార్థులు చెట్లను వారం వారం గమనించి నమోదు చేస్తున్నారు. తేదీ, చోటు, అసలు రంగు ఉన్న మీ చిత్రం కూడా అలాంటి నమోదే. పిళ్ళైచావడి తీరం సముద్రపు కోతకు గురవుతోంది కూడా. ఒడ్డునున్న చెట్టు ఎల్లకాలం ఉంటుందని చెప్పలేం. చెట్టు పోయాక దాని గురించి చెప్పేది మీ చిత్రమే అయితే, అది ఉన్నదున్నట్టు చెప్పాలి కదా.

మీరు చేయవలసిన పని

మీ ఇంటికో, కళాశాలకో దగ్గరలో ఒక చెట్టును ఎంచుకోండి. కెమెరాలో తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. జనవరి నుంచి మార్చి చివరి వరకు వారానికి ఒకసారి, ఒకే చోట నిలబడి, ఒకే వేళలో ఆ చెట్టును చిత్రించండి. అసలు ఫైళ్ళను మార్చకుండా భద్రపరచండి. దిద్దుబాట్లు నకలు మీదనే చేయండి. చివరలో ఐదు చిత్రాలు ఎంచి, ఒక్కొక్కదాని కింద చెట్టు పేరు, ఊరు, తేదీ, ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాల్లో రాయండి. వచ్చే ఏడాది అదే చోటికి వెళ్ళి మళ్ళీ తీయండి. రెండేళ్ళ చిత్రాలను పక్కపక్కన పెట్టి, ఆకులు ఏ వారంలో ఎర్రబడ్డాయో పోల్చి చూడండి.