బడి మాన్పిస్తున్న ఎగతాళి

వారపు సంతలో, బస్టాండులో చప్పట్లు కొట్టి చెయ్యి చాపే హిజ్రాలను చూడనివారు జిల్లాలో వుండరు. దుకాణదారు విసుక్కుంటూనే పదో ఇరవయ్యో చేతిలో పెడతాడు. కొత్త ఇంటికి, పుట్టిన బిడ్డకు వారు దిష్టి తీసి దీవిస్తే మంచిదని నమ్మేవారూ వున్నారు. అయితే వారు ఏ బడిలో చదివారు, ఏ తరగతిలో మానేశారు అని మాత్రం ఎవరూ అడగరు.

అసలు కథ ఆ బడిలోనే మొదలవుతుంది. నడకలో, మాటలో కాస్త ఆడతనం కనిపించిన మగపిల్లవాడికి ఆరో తరగతికల్లా ఒక పేరు పడిపోతుంది. 'ఆడంగి' అని ఒకరు, 'తేడాగాడు' అని ఒకరు. హాజరు పిలిచినప్పుడు 'ప్రజెంట్ సార్' అన్న ఆ గొంతు వింటేనే క్లాసంతా నవ్వు. కొన్నిచోట్ల పంతుళ్లు కూడా ఆ నవ్వులో కలుస్తారు. దొడ్డికి ఒంటరిగా పోవాలంటే భయపడి ఆ పిల్లవాడు సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంటాడు. ఇంట్లో చెబితే తండ్రి చేతి దెబ్బలు. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో పుస్తకాల సంచి అటకెక్కుతుంది. ఆ పిదప పట్నం రైలే. ఇక ఆడపిల్ల మగరాయుడిలా తిరిగితే చదువు మాన్పించి పెళ్లి చేసేయడమే ఊరికి తెలిసిన మందు.

విచిత్రమేమంటే ఆడవేషం మన జనానికి కొత్త కాదు. స్త్రీ పాత్రలతో ప్రేక్షకులను మెప్పించిన స్థానం నరసింహారావుకు 1956లో, కూచిపూడి భామగా పేరు మోసిన వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో ప్రభుత్వం పద్మశ్రీ యిచ్చింది. తిరుపతి గంగజాతరలో మగవారు చీర కట్టి మొక్కు తీర్చుకుంటారు. వేషం వేరు, లోపలి స్వభావం వేరు, నిజమే. కాని వేషానికి చప్పట్లు కొట్టిన ఊరే స్వభావాన్ని చూసి రాయి అందుకుంటోంది.

నిజాం నాటి చట్టం

చట్టం కూడా చాలాకాలం వీరిని నేరస్థుల లెక్కన చూసింది. ఫసలీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో, హైదరాబాదు సంస్థానంలో హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. అనుమానం వున్నవారి పేర్లు రిజిస్టరులో రాసుకునేవారు. అలా పేరెక్కినవారు ఆడబట్టలతో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, సంస్థానం పోయింది, రాష్ట్రం రెండయింది. చట్టం మాత్రం అలాగే వుండిపోయింది! 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసి, విద్యలో, ఉద్యోగాల్లో వీరికి రిజర్వేషన్ల సంగతి చూడవలసిందిగా ప్రభుత్వాన్ని ఆదేశించింది.

రిజర్వేషన్ల మాట సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15ననే చెప్పింది. 2018 సెప్టెంబరులో, మగవారు మగవారితో, ఆడవారు ఆడవారితో ఇష్టపడి కాపురం చేస్తే నేరం కాదని కూడా తీర్పు యిచ్చింది. బడులలో వివక్ష లేకుండా అందరితోపాటు చదువు చెప్పాలని 2019లో పార్లమెంటు చట్టం చేసింది. కాగితాలకు కొదవ లేదు.

అయితే క్లాసు గదిలోకి ఆ కాగితం రావాలంటే రాజకీయం అడ్డుపడుతోంది. ఇలాంటి పిల్లలను బడిలో ఎలా చూసుకోవాలో ఉపాధ్యాయులకు చెప్పే పుస్తకాన్ని ఢిల్లీలోని ఎన్‌సీఈఆర్‌టీ 2021లో తయారు చేసింది. జాతీయ బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పడంతో కొద్దిరోజులకే దానిని తీసేశారు. పిల్లలు చెడిపోతారని ఒక భయం. ఏడిపించే పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో ఎవరూ చూడలేదు.

చదువు ఆగకపోతే ఏమవుతుందో చూపినవారు లేకపోలేదు. ఆదిలాబాదు రిమ్స్‌లో డాక్టరు చదువు చదివిన ప్రాచీ రాథోడ్, మరో డాక్టరు రూత్ జాన్‌పాల్ 2022 చివర హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యాధికారులుగా చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు ట్రాఫిక్ పనికి 39 మందిని తీసుకున్నారు.

ఈ ట్రాఫిక్ ఉద్యోగానికి పరుగు, దూకుడు పరీక్షలతోపాటు ఇంకొకటి అడిగారు. అది పదో తరగతి సర్టిఫికెట్. ఎగతాళి పడలేక ఎనిమిదిలో బడి మానినవారికి ఆ గేటు దగ్గరే ఆగిపోక తప్పలేదు.

అలాంటివారికి ఓపెన్ స్కూలు దారి వుంది. 14 ఏళ్లు నిండినవారు ఇంటి దగ్గర చదువుకొని నేరుగా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. అడ్మిషన్ల సమయంలో దరఖాస్తు చేసుకోవాలి. వెళ్లి అడిగే ధైర్యం లేని పిల్లవాడి వెంట తల్లో, మేనమామో ఒక్కసారి తోడు వెళితే పని అవుతుంది.