ప్రశ్నను బట్టియే సమాధానము

శ్రోతల అలవాట్లను తెలిసికొనగోరి ఒక యువకుడు ప్రశ్నాపత్రము చేతబట్టి మన యింటికి వచ్చెననుకొందము. “అయ్యా, మీరు శాస్త్రీయ సంగీత కార్యక్రమములను క్రమముగా ఆలకించుచున్నారా?” అని అతడడుగును. ఎండనబడి వచ్చినవాడు, మర్యాదగా అడిగినాడు. లేదని చెప్పి చిన్నబుచ్చుట యెందుకని “వినుచునే యున్నామండీ” అందుము. ఆ మాటలో అబద్ధము కంటె మర్యాద పాలు ఎక్కువ. కాని కాగితముపై అది ఒక అంకె యగును. అట్టి అంకెలు వేలకొలది చేరినపుడు వాటిని నమ్మి నిర్ణయములు జరుగును.

కనుక ప్రశ్నాపత్రమును కూర్చువాడు తనకేమి తెలియవలెనో ఆలోచించిన చాలదు. ఎదుటివారు ఏమి చెప్పగలరో కూడ ఆలోచింపవలెను. లండనులోని బి.బి.సి. వారు 1936లో శ్రోతల పరిశోధనను ఆరంభించిరి. 1939 డిసెంబరు నుండి జరిపిన దైనిక విచారణలో వారు “నిన్న ఏమి వింటిరి?” అని అడుగుచు వచ్చిరి. “సాధారణముగా ఏమి విందురు?” అన్నచో మనిషి తానెట్లుండదలచునో అట్లు బదులు చెప్పును. “నిన్న” అన్నచో జ్ఞాపకమును తడవి చూచుకొనును.

మాటల యెన్నికయు ముఖ్యమే. “మీ కుటుంబములో ఎందరు?” అన్నది సులభమైన ప్రశ్నగా తోచును. కాని కుటుంబమనగా కొందరికి ఇల్లాలు మాత్రమే. మరికొందరికి వేరుపడిన అన్నదమ్ములును, అత్తవారింటనున్న కూతురును కుటుంబమే. అందుచేతనే మన జాతీయ శాంపిల్ సర్వేలో, కలిసి నివసించుచు ఒకే వంటయింట భుజించువారిని ఒక యింటివారుగా లెక్కింతురు. “ఒక పొయ్యిమీద వండినది తినువారెందరు?” అన్నచో ఎవరికిని సందేహముండదు.

అట్లే “మీరేమైన పని చేయుచున్నారా?” అని అడిగినపుడు, సొంత పొలములో నాటువేసి, కలుపుతీసి, ధాన్యము తూర్పారబట్టిన ఇల్లాలు “లేదు, ఇంటిపట్టుననే యుందును” అని చెప్పుట కలదు. కూలి డబ్బు చేతికి రానిది ఆమె దృష్టిలో పని కాదు. 1991 జనాభా లెక్కలలో, పొలమునందుగాని కుటుంబ వృత్తియందుగాని ప్రతిఫలము లేక చేయు పనియు పనియేయని ప్రశ్నలోనే చేర్చిరి. ఆ కొద్దిమాటలు లేనిచో ఎందరో స్త్రీల శ్రమ లెక్కకు రాకపోవు ప్రమాదము కలదు.

కాలపు గడువు విషయమున మన దేశమే ఒక పెద్ద పాఠము నేర్చినది. 1950లో ఆరంభమైన జాతీయ శాంపిల్ సర్వే, ఇంటి ఖర్చును చిరకాలము “గడచిన 30 దినములలో” అని అడుగుచు వచ్చినది. 1990ల ఉత్తరార్ధమున ప్రయోగముగా కొన్ని ఇండ్లలో తిండి ఖర్చును 30 దినములకును, మరికొన్నింట 7 దినములకును అడిగిరి. 7 దినముల లెక్కను నెలకు కట్టిచూడగా ఖర్చు చాల హెచ్చుగా తేలెను. నెల గడచునప్పటికి అణాపైసల కొనుగోళ్లు మరపున పడును. వారము గడువనగా అంతకు ముందరి కొనుగోలు కూడ అందులో చొరబడవచ్చును. రెండింటికిని లోపమున్నది.

1999-2000 సర్వేలో తిండి ఖర్చునకు రెండు గడువులను ఒకే పత్రములో ప్రక్కప్రక్కన ఉంచిరి. ఒకదానికి చెప్పిన జవాబు రెండవదానిని తనవైపు లాగుట సహజము. 1993-94లో 36 శాతముగా నున్న పేదలు 1999-2000లో 26 శాతమైరని ప్రణాళికా సంఘము లెక్క తేల్చెను. అందులో పేదరికము తగ్గుటవలన తగ్గినదెంత, ప్రశ్న మారుటవలన తగ్గినదెంత యని అర్థశాస్త్రజ్ఞులు సంవత్సరముల తరబడి వాదించిరి. తినుటకు చాలినంత లేనివారు దేశములో ఎందరన్న ప్రశ్నకు ఉత్తరము, కాగితముపై వ్రాసిన గడువును బట్టి మారినదన్నమాట.

ఇక పాటింపవలసిన నియమములు కొన్ని. ఒక ప్రశ్నలో ఒక విషయమునే అడుగవలెను. “ఆసుపత్రిలో వైద్యులును మందులును బాగున్నవా?” అన్నచో, వైద్యుడు మంచివాడై మందులు లేనిచోట ఏమని చెప్పుదురు? “వీధికి కొళాయి అవసరమే కదా?” అను ప్రశ్న జవాబును తానే నోటికందించును. ఆదాయము, అప్పులు మొదలగు గుట్టు విషయములను, కొంత మాట కలిసిన పిమ్మట చివర అడుగుట మేలు. “తెలియదు” అనుటకు కూడ చోటుండవలెను. లేనిచో తెలియనివారు తోచినది చెప్పి, లెక్కలో తెలిసినవారితో సమానులగుదురు.

పత్రము అచ్చునకు పోకముందు దానిని పది యిండ్లలో చదివి, “ఈ ప్రశ్నకు మీరేమని అర్థము చేసికొంటిరి?” అని అడిగి చూడవలెను. పండితులు కూర్చుండి దిద్దిన ప్రశ్నలోని లోపము అరుగుమీది అవ్వ మాటతో బయటపడవచ్చును.

ఇందు గృహస్థులకును భాగము కలదు. ప్రశ్న బోధపడనిచో మరల చదువుమనుట, ఏ దినములకు లెక్క చెప్పవలెనో అడుగుట, తెలియనిది తెలియదనుట తప్పుకాదు. అడుగవచ్చినవానికి మంచినీళ్ల తరువాత మనమీయగల మేలైన మర్యాద అదియే.